చక్కెరకు బదులు బెల్లం కాదు, పండు

తిరుమల లడ్డూ దిట్టం చాలామందికి తెలిసిందే. 5,100 లడ్డూలకు 180 కిలోల శనగపిండి, 165 కిలోల ఆవు నెయ్యి, 400 కిలోల చక్కెర, 30 కిలోల జీడిపప్పు, 16 కిలోల ఎండుద్రాక్ష, 8 కిలోల కలకండ, 4 కిలోల యాలకులు అని పత్రికల్లో ఎన్నోసార్లు అచ్చయింది. కలకండను కూడా చక్కెరలో కలిపి భాగిస్తే ఒక్కో లడ్డూకు సరిగ్గా 80 గ్రాములు తేలుతుంది. రోజుకు 2,000 కేలరీల తిండి తినే మనిషికి, విడిగా కలిపే చక్కెర, తేనె, పళ్లరసాల్లోని చక్కెర అన్నీ కలిసి 50 గ్రాములు మించకూడదని, 25 గ్రాముల లోపు ఉంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఆ 25 గ్రాముల లెక్కన ఒక్క లడ్డూ మూడు రోజుల చక్కెర. ఈ మాట అనగానే ప్రసాదాన్ని కూడా గ్రాముల్లో తూస్తారా అని కొందరికి కష్టం కలగవచ్చు. కానీ ఆ లడ్డూను ఒక్కరే కూర్చుని తినే అలవాటు మన జిల్లాల్లో ఎప్పుడూ లేదు. కొండకు వెళ్లొచ్చినవాళ్లు లడ్డూ చిదిపి ఇంట్లోవాళ్లకు, ఇరుగుపొరుగుకు, పనిచేసేచోట తోటివాళ్లకు పంచుతారు. ఒక్కొక్కరి చేతిలో పడేది చిటికెడు. కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్న ఆ చిటికెడుతోనే మనసు నిండుతుంది. ఎనభై గ్రాములు పదిహేను మందికి పంచితే తలా అయిదారు గ్రాములు. ప్రసాదంలో తీపి ఎంత ఉన్నా మనిషికి చేరేది ఎంతో తేల్చింది ఆ పంపకమే.

ఈ సంగతి ముందుగా చెప్పడానికి కారణం ఉంది. తీపి మీద యావ తగ్గించుకోవడం ఎలా అని ఇవాళ ఎవరిని అడిగినా వెంటనే ఒక బదులు సరుకు పేరు చెబుతారు. చక్కెర మానేసి బెల్లం వాడమంటారు, తేనె అంటారు, ఖర్జూరం పాకం అంటారు, గోళీ రూపంలో దొరికే తీపి మందు అంటారు. సరుకు మారితే చాలు, తినే తీరు, తినే కొలత, తినే వేళ మారనక్కర్లేదన్న నమ్మకం ఈ సలహాలన్నిటి వెనకా ఉంది. నా అభిప్రాయంలో ఆ నమ్మకమే మనల్ని దెబ్బతీస్తోంది. తీపి కోరిక తీరడానికి ఆరోగ్యకరమైన దారి మరో రంగు చక్కెరలో దొరకదు. నిత్యం తినే తీపి పండులోంచి, గింజలోంచి, దుంపలోంచి రావాలి. వంటతో చేసిన తీపి మళ్లీ పండగకూ పంపకానికీ పరిమితం కావాలి. తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో ఇందుకు కావలసినవన్నీ మన చుట్టూనే పండుతున్నాయి.

ముందు నిత్యం తినే చక్కెర ఎక్కడినుంచి వస్తోందో చూడాలి. లడ్డూ ఏడాదికి నాలుగుసార్లు ఇంటికొస్తే గొప్ప. ఉగాదికి ఓళిగలు, పండగలకు కజ్జికాయలు, అత్తిరాసాలు కలిపినా ఏడాదిలో పదిహేను ఇరవై రోజులు దాటవు. టీ మాత్రం రోజుకు నాలుగుసార్లు వస్తుంది. తిరుపతి రాత్రి నిద్రపోని ఊరు. బస్సు డ్రైవర్లు, ట్యాక్సీలవాళ్లు, లాడ్జీల్లో పనిచేసేవాళ్లు, హోటల్ వంటవాళ్లు, కాపలావాళ్లు, ఆసుపత్రుల నర్సులు టీ మీదే తెల్లవారుస్తారు. కొట్లో కలిపే టీలో రెండు చెంచాల చక్కెర అనుకుంటే దాదాపు 10 గ్రాములు. నాలుగు టీలకు 40. దానికి తోడు రెండు బిస్కెట్లు, మధ్యాహ్నం ఎండలో ఒక కూల్‌డ్రింకు. ఏ పండగా లేకుండా, ఎవరితోనూ పంచుకోకుండా, తీపి తిన్నామన్న తృప్తి కూడా లేకుండా 70, 80 గ్రాములు లోపలికి పోతాయి. అంటే రోజుకొక లడ్డూ చక్కెర. దాన్ని తీపి తిన్నట్టుగా ఎవరూ లెక్కపెట్టుకోరు కాబట్టి, షుగరు వచ్చిందని డాక్టరు చెప్పిన రోజున ‘నేను స్వీట్లే ముట్టను కదా’ అని మనస్ఫూర్తిగా అనగలుగుతారు.

తీపి కోరడం బలహీనత కాదు. పుట్టిన బిడ్డకు మొదట నచ్చే రుచి అదే, తల్లిపాలే తియ్యన. అయితే ఆ కోరిక రోజులో కొన్ని వేళల్లో, కొన్ని పరిస్థితుల్లో మాత్రం మామూలుకంటే ఎక్కువగా లేస్తుంది, దానికి కారణాలు తెలుసు. నిద్ర ఒకటి. షికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు 12 మంది యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి చూసి 2004లో ప్రచురించిన అధ్యయనంలో ఆకలి హార్మోను పెరిగింది, తీపి, ఉప్పు, పిండి పదార్థాల మీద కోరిక బాగా ఎక్కువైంది. తిన్న తిండి రెండోది. బ్రిటన్, అమెరికాల్లో వెయ్యి మందికి పైగా మనుషుల రక్తంలో గ్లూకోజును యంత్రాలతో నిరంతరం కొలిచిన అధ్యయనం 2021లో వచ్చింది. తిన్న రెండు మూడు గంటలకు ఎవరి గ్లూకోజు బాగా కిందికి పడిందో వాళ్లకు తొందరగా ఆకలి వేసింది, ఆ రోజు మొత్తం మీద ఎక్కువ తిన్నారు. పొద్దున నాలుగు ఇడ్లీలు, పల్చటి చట్నీ తిని చక్కెర టీ తాగినవాళ్లకు పదకొండింటికి ఏదో తియ్యటిది కావాలనిపించడంలో వింతేమీ లేదు. ఆ వేళకు వాళ్ల కోరికను తిట్టడం కంటే పొద్దుటి పళ్లెంలో ఏం తక్కువైందో చూడటం మేలు. ఇడ్లీ పక్కన గట్టి శెనక్కాయ చట్నీయో, ఉడికించిన గుడ్డో, గుప్పెడు అలసంద గుగ్గిళ్లో ఉంటే ఆ పదకొండు గంటల యావ సగం తగ్గుతుంది.

ఇక బెల్లం. చిత్తూరు వాళ్లతో బెల్లం గురించి మాట్లాడేటప్పుడు జాగ్రత్తగా మాట్లాడాలి, ఎందుకంటే ఇది చెరకు రైతు కష్టం, గానుగ దగ్గర పొయ్యి ముందు రోజంతా నిలబడేవాళ్ల కష్టం. సహకార చక్కెర కర్మాగారాలు మూతపడ్డాక చాలామంది రైతులకు గానుగే దిక్కయింది. చిత్తూరు బెల్లం రుచి కూడా మామూలుది కాదు. అయినా ఉన్నమాట చెప్పాలి. బెల్లంలో అత్యధిక భాగం చక్కెరే. రక్తంలో గ్లూకోజును పెంచడంలో రెంటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. బెల్లంలో ఇనుము ఉంది కదా అంటారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల బెల్లంలో ఇనుము 4 నుంచి 5 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది. ఆడవాళ్లకు రోజుకు కావలసినది 29 మిల్లీగ్రాములు. పది గ్రాముల బెల్లం ముక్కతో అర మిల్లీగ్రాము కూడా రాదు. ఆ 29 మొత్తం బెల్లంతోనే తెచ్చుకోవాలంటే రోజుకు అర కిలోకు పైగా తినాలి. బెల్లం మంచిదని నమ్మి టీలో ఒక చెంచాకు బదులు పెద్ద ముక్క వేసుకునేవాళ్లు, పాయసంలో చక్కెర కంటే రెట్టింపు పోసేవాళ్లు చాలామంది. షుగరు ఉన్నవాళ్లకు బెల్లం పరవాలేదన్న మాట ఊరూరా ఎలా పాకిందో గానీ దానివల్ల జరిగిన కీడు తక్కువ కాదు.

బెల్లం వాడొద్దని కాదు. చక్కెర వాడాల్సినచోట బెల్లం వాడితే రుచి ఎక్కువ, స్థానిక రైతుకు రూపాయి దక్కుతుంది. ఈ రెండూ మంచి కారణాలే. ఆరోగ్యం పేరు చెప్పి కొలత పెంచడమే తప్పు. ఇంకో మాట కూడా ఇక్కడ చెప్పుకోవాలి. పసుపు రంగులో మెరిసే బెల్లమే కావాలని కొనేవాళ్లు అడుగుతారు కాబట్టి, ఆ మెరుపు కోసం కొన్నిచోట్ల పాకంలో హైడ్రోస్ అనే మందు కలుపుతారు. అది లేని బెల్లం ముదురు రంగులో ఉంటుంది, అంగట్లో దానికి ధర తక్కువ పలుకుతుంది. కొనేవాళ్లు ముదురు బెల్లానికి మంచి ధర ఇస్తే గానుగ దగ్గర ఆ మందు దానంతటదే ఆగిపోతుంది.

చక్కెర లేని తీపి గోళీలు, పొడులు ఈమధ్య మందుల షాపుల్లోంచి కిరాణా కొట్లలోకి వచ్చాయి. బరువు తగ్గడానికో, జబ్బులు రాకుండా ఉండటానికో వాటి మీద ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మేలో సూచించింది. వాటివల్ల దీర్ఘకాలంలో కొవ్వు తగ్గుతుందనడానికి ఆధారం కనిపించలేదని, పైగా షుగరు, గుండె జబ్బుల ముప్పుతో సంబంధం ఉండవచ్చన్న అనుమానం ఉందని ఆ సంస్థ చెప్పింది. ఈ సూచన ఇప్పటికే షుగరు ఉన్నవాళ్లకు వర్తించదని కూడా అందులోనే స్పష్టంగా ఉంది. కాబట్టి షుగరు ఉన్న పెద్దాయన ఉదయం కాఫీలో ఒక గోళీ వేసుకుంటే దాన్ని తప్పుపట్టనక్కర్లేదు, ఆ సంగతి ఆయనకూ డాక్టరుకూ మధ్య ఉండాల్సింది. జబ్బులేని పిల్లలకు ‘షుగర్ ఫ్రీ’ అని రాసి ఉన్న చాక్లెట్లు, బిస్కెట్లు కొనిపెట్టడం మాత్రం అర్థంలేని ఖర్చు. ఆ బిస్కెట్‌లో మైదా ఎక్కడికీ పోలేదు.

మరి యావ లేచినప్పుడు ఏం తినాలి? నా జవాబులో మొదటి పేరు జామకాయ. వంద గ్రాముల జామలో పీచు అయిదు గ్రాములకు తగ్గదు, చక్కెర తక్కువ, విటమిన్ సి నారింజ కంటే ఎక్కువ. నమలాలి, నమలడానికి సమయం పడుతుంది, ఒక కాయకే కడుపులో బరువు తెలుస్తుంది. పండులో చక్కెర కణాల గోడల మధ్య, పీచులో చిక్కుకుని ఉంటుంది, అది విడుదలై రక్తంలోకి చేరడం నెమ్మదిగా జరుగుతుంది. అదే పండును మిక్సీలో వేసి వడకడితే గోడలు పగిలిపోతాయి, పీచు జల్లెడలో మిగిలిపోతుంది, గ్లాసులో దిగేది చక్కెర నీళ్లకు దగ్గరి చుట్టం. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ రసంలోని చక్కెరను పరిమితిలో లెక్కేసింది, పండులోని చక్కెరను వెయ్యలేదు. అమెరికాలో లక్షా ఎనభై వేల మందికి పైగా మనుషుల ఆహారపు అలవాట్లను ఏళ్ల తరబడి గమనించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, పండ్లు పండ్లుగా తిన్నవాళ్లలో షుగరు ముప్పు తక్కువగా, రోజూ రసం తాగినవాళ్లలో ఎక్కువగా కనిపించింది. ‘వంద శాతం పళ్లరసం’ అని డబ్బాల మీద రాయడం తీసేయమని మన ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2024 జూన్‌లో కంపెనీలను ఆదేశించింది కూడా.

మన దగ్గర ఏడాది పొడుగునా ఏదో ఒక పండు ఉంటుంది. ఎండాకాలం మామిడి, దాని వెనకే నేరేడు, వానలు పడ్డాక కొండ అంచుల నుంచి సీతాఫలం, చలికాలం రేగుపండ్లు, మధ్యమధ్య జామ, సపోటా, రైల్వే కోడూరు వైపు నుంచి అరటి, బొప్పాయి. అలిపిరి మెట్లదారిలో కారం ఉప్పు చల్లిన మామిడి ముక్కలు, జామకాయలు కొనుక్కుని నడిచే భక్తులను చూస్తే ఇంకో విషయం అర్థమవుతుంది. నోరు కోరేది ఒక్క తీపినే కాదు. పులుపు, కారం, వగరు కలిసిన రుచి కూడా ఆ కోరికను తీర్చగలదు. రక్తపోటు ఉన్నవాళ్లు ఆ ఉప్పు తగ్గించుకోవాలి, అంతే. చలికాలంలో ఉడకబెట్టిన గెనుసుగడ్డ ఉంది. పైన చక్కెర చల్లకుండా తినగలిగేంత తీపి దానిలోనే ఉంది.

షుగరు ఉన్నవాళ్లు పండ్లు తినకూడదు కదా అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. ఈ భయంతో మన ఇళ్లలో పెద్దవాళ్లు మామిడిపండు ముందు కూర్చుని ముక్క ముట్టకుండా, ఆ తర్వాత రెండు గరిటెల తెల్లన్నం అదనంగా పెట్టించుకోవడం జరుగుతోంది. చైనాలో దాదాపు 5 లక్షల మందిని ఏడేళ్లపాటు గమనించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో తాజా పండ్లు తరచూ తినేవాళ్లలో కొత్తగా షుగరు రావడం తక్కువగా ఉంది; అప్పటికే షుగరు ఉన్నవాళ్లలో కూడా, పండ్లు తినేవాళ్లకు మరణాలు, రక్తనాళాల చిక్కులు తక్కువగా వచ్చాయి. ఇలాంటి అధ్యయనాలు కారణాన్ని నూటికి నూరుపాళ్లు నిరూపించవు. పండ్లు కొనగలిగినవాళ్లు మిగతా విషయాల్లోనూ మెరుగ్గా ఉండవచ్చు. అయినా పండు విషమన్న మాటకు మాత్రం ఇందులో ఆధారం లేదు. కొలత ముఖ్యం. సీతాఫలం, బాగా పండిన మామిడి, అరటి తీపి ఎక్కువ గలవి కాబట్టి చిన్న పండో, సగమో. అదీ అన్నం మీద అన్నంలా తినకుండా, ఆ పూట అన్నం కొంత తగ్గించుకుని. జామ, బొప్పాయి, నేరేడు విషయంలో చెయ్యి కాస్త వదులు చేసుకోవచ్చు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు మాత్రం తమ డాక్టరును అడిగే ఏ మార్పైనా చెయ్యాలి.

రెండో జవాబు శెనక్కాయలు, రాగులు. రాయలసీమ నేల మీద ఈ రెంటికీ ఉన్న పాదు ఇంకే పంటకూ లేదు. శెనక్కాయల్లో దాదాపు నాలుగో వంతు మాంసకృత్తులు, అంతకు మించి మంచి నూనె. రక్తంలో గ్లూకోజును అవి పెంచేది చాలా స్వల్పం. గుప్పెడు వేయించిన శెనక్కాయలు, గోరంత బెల్లం ముక్క కలిపి నమిలితే తీపి కోరికా తీరుతుంది, రెండు గంటలు ఆకలీ ఆగుతుంది. టెంకాయ ముక్క తోడైతే ఇంకా బాగుంటుంది. రాష్ట్రంలో ప్రభుత్వ బడుల మధ్యాహ్న భోజనంలో వారానికి మూడు రోజులు శెనక్కాయ చిక్కీ ఇస్తూ వచ్చారు, మిగతా మూడు రోజులు ఉదయం రాగిజావ ఇవ్వడం 2023 మార్చి 21న మొదలైంది. తర్వాత ప్రభుత్వం మారి పథకం డొక్కా సీతమ్మ పేరు పెట్టుకుంది. బెల్లం వద్దన్నవాళ్లే బెల్లంతో చేసిన చిక్కీని ఎలా మెచ్చుకుంటారని ఎవరైనా నిలదీయవచ్చు. నిలదీయదగ్గ ప్రశ్నే. చిక్కీలో బెల్లం ఉన్నది శెనక్కాయలను పట్టి ఉంచడానికి, రాగిజావలో ఉన్నది రాగిపిండిని పిల్లల చేత తాగించడానికి. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాములకు తగ్గని కాల్షియం, పది గ్రాములకు పైగా పీచు ఉన్నాయి. ఇక్కడ తీపి తిండిని మోసుకొస్తోంది. కూల్‌డ్రింకులో తీపి ఒంటరిగా వస్తుంది, వెనక ఏమీ ఉండదు. బెల్లం అదే అయినా ఏ తిండితో కలిసి, ఎంత వస్తోందన్నదే తేడా. ఒక హెచ్చరిక మాత్రం ఉంది. మెత్తటి రాగిపిండితో పల్చగా కాచిన జావ కంటే గట్టి సంగటి ముద్ద నెమ్మదిగా అరుగుతుంది. షుగరు ఉన్నవాళ్లకు జావ కంటే, ఆకుకూర పప్పుతో తినే చిన్న ముద్దే మేలు.

చక్కెర గురించి ఇంత గోల ఎందుకు, మన షుగరు జబ్బులకు అసలు కారణం తెల్లన్నం కదా అని ఇంకొందరు అంటారు. ఇందులో చాలా నిజం ఉంది. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో దేశమంతటా జరిగిన సర్వే 2023లో మన దేశంలో షుగరు ఉన్నవాళ్లు 10 కోట్ల 10 లక్షలని, షుగరు అంచుకు చేరినవాళ్లు మరో 13 కోట్ల 60 లక్షలని లెక్కకట్టింది. అదే సర్వే బృందం 2025లో ప్రచురించిన ఆహారపు లెక్కల్లో మనకు అందే కేలరీల్లో 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తున్నాయని, అందులో తెల్లబియ్యం వాటా పెద్దదని తేలింది. అదే లెక్కల్లో 21 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో చక్కెర వాడకం కూడా పరిమితిని మించిందని ఉంది. రెండూ నిజాలే, రెంటికీ వేరువేరు పనులున్నాయి. అన్నం తగ్గించడం ఒక్కరోజులో అయ్యే పని కాదు, ఇంటి వంట మొత్తం మారాలి, రేషన్ మారాలి. టీలో చక్కెర తగ్గించడానికి చెంచా ఒకటి చాలు. పైగా అన్నం కడుపు నింపుతుంది. చక్కెర టీ అది కూడా చెయ్యదు.

చెంచా తగ్గించగానే టీ రుచి చప్పబడుతుందని, అలా ఎన్నాళ్లు నెట్టుకురాగలమని భయపడతారు. ఈ భయానికి జవాబు ఉంది, కానీ దాన్ని పెంచి చెప్పకూడదు. అమెరికాలో 2016లో ప్రచురించిన ఒక ప్రయోగంలో చక్కెర బాగా తగ్గించిన తిండికి అలవాటుపడినవాళ్లకు మూడు నెలల తర్వాత అంతకుముందు తిన్న పుడ్డింగే మరింత తియ్యగా అనిపించింది. అంటే తక్కువ చక్కెరను నాలుక ఎక్కువగా గుర్తించడం నేర్చుకుంది. నెదర్లాండ్స్‌లో 180 మందితో ఆరు నెలలు చేసి 2025లో వెల్లడించిన మరో ప్రయోగంలో తియ్యటి పదార్థాలు తగ్గించినా పెంచినా తీపి మీద ఇష్టం మాత్రం మారలేదు. ఈ రెంటినీ కలిపి చదువుకుంటే నాకు అర్థమయ్యేది ఇది: తీపి మీద ఇష్టం పోతుందని ఆశపడకూడదు, ఎంత తీపి చాలునన్నది మాత్రం మారుతుంది. అందుకే తీపి మొత్తంగా మానేస్తానని ఒట్టు పెట్టుకున్నవాళ్లు పదో రోజున స్వీటు షాపులో తేలుతారు, వారానికి పావు చెంచా చొప్పున తగ్గించుకున్నవాళ్లు నిలబడతారు. టీ కొట్లలో ముందే చక్కెర వేసి మరిగించే పద్ధతి ఈ చిన్న స్వేచ్ఛను కూడా తీసేసింది. టీ విడిగా, చక్కెర విడిగా ఇవ్వడం కొట్టుకు నష్టం కాదు, చక్కెర మిగులుతుంది.

పండ్లు డబ్బున్నవాళ్ల తిండి అన్నది అన్నిటికంటే బరువైన అభ్యంతరం. యాపిల్, కివీ దృష్టిలో పెట్టుకుంటే అది నిజం. జామ, అరటి, బొప్పాయి, కాలంలో దొరికే మామిడి, కొండ సీతాఫలం విషయంలో నిజం కాదు. ఇరవై రూపాయల సీసా డబ్బుకు రెండు మూడు అరటిపళ్లో, కాలంలో అయితే నాలుగు జామకాయలో వస్తాయి. అడ్డంకి ధర కంటే అందుబాటు. బస్టాండులో, ఆసుపత్రి గేటు దగ్గర, కాలేజీ క్యాంటీనులో సీసా చల్లగా ఫ్రిజ్‌లో ఎదురుచూస్తుంటుంది, పండ్ల బండి మాత్రం ట్రాఫిక్‌కు అడ్డమని తరిమేసినచోట ఉండదు. రోజుకు వేలమంది దిగే తిరుపతి బస్టాండులో, రుయా ఆసుపత్రి, స్విమ్స్ చుట్టుపక్కల కోసిన పండ్లు శుభ్రంగా అమ్మేవాళ్లకు నగరపాలక సంస్థ నీడ, నీళ్లు, ఒక స్థిరమైన చోటు ఇస్తే చాలామంది చెయ్యి సీసా వైపు వెళ్లదు.

పిల్లల విషయంలో ఆలస్యం చేయకూడదు. బ్రిటన్‌లో యుద్ధకాలపు చక్కెర రేషన్ 1953 సెప్టెంబరులో ఎత్తేశారు. అంతకు కొద్దికాలం ముందు, కొద్దికాలం తర్వాత కడుపున పడ్డవాళ్లను పోల్చిన అధ్యయనం 2024లో వచ్చింది. గర్భంలోనూ మొదటి రెండేళ్లలోనూ చక్కెర తక్కువగా అందినవాళ్లకు పెద్దయ్యాక షుగరు ముప్పు 35 శాతం, రక్తపోటు ముప్పు 20 శాతం తక్కువగా కనిపించాయి. రెండేళ్లలోపు బిడ్డ పాలల్లో చక్కెర కలపవద్దని, ఏడుపు ఆపడానికి బిస్కెట్ ఇవ్వవద్దని, మెత్తగా చిదిమిన అరటిపండు పెట్టమని ప్రతి అంగన్‌వాడీ కార్యకర్తా తల్లులకు చెప్పగలదు. పెద్ద పిల్లలు తరచూ తినే పదార్థాల్లో చక్కెర ఎంత ఉందో బడిలో బోర్డు పెట్టి చూపించమని సీబీఎస్ఈ 2025 మేలో తన పాఠశాలలను కోరింది. రాష్ట్ర బడులకూ హాస్టళ్లకూ అదే పని చేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఇక మన జిల్లాలకు అన్నిటికంటే దగ్గరి విషయం తోతాపురి. 2025 వేసవిలో చిత్తూరు, తిరుపతి జిల్లాల మామిడి రైతులు గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లతో రోజుల తరబడి నిలబడ్డారు. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 రూపాయలు దక్కేలా ప్రకటన చేయాల్సి వచ్చింది. తియ్యటి పానీయాలను తగ్గించమంటే గుజ్జు కొనేవాళ్లు తగ్గి రైతు ఇంకా మునుగుతాడని అనేవాళ్ల ఆందోళన నిజాయితీగలది. కానీ ఆ సీసాలో ఏముందో చూడండి. మామిడి పానీయం అని పిలవడానికి నిబంధన ప్రకారం పండ్ల రసం కనీసం 10 శాతం ఉంటే సరిపోతుంది. మిగిలినది నీళ్లు, చక్కెర. వంద మిల్లీలీటర్లకు చక్కెర 12 గ్రాములకు అటూ ఇటూ ఉన్నట్టు చాలా సీసాల లేబుళ్లే చెబుతాయి. పావు లీటరు సీసాలో 30 గ్రాములు. ఆ కనీసాన్ని 20 శాతం చేస్తే అదే సీసాకు రెట్టింపు పండు కావాలి, పండులో ఉన్న తీపి వల్ల కలిపే చక్కెరను తగ్గించుకోవచ్చు. తాగేవాళ్లు తగ్గినా రైతుకు నష్టం ఉండదు. అలా చేసినా అది జామకాయకు సాటి రాదు, రసం రసమే. ఇప్పుడు తాగుతున్నదానికంటే మాత్రం మేలు. ఆ పానీయాల మీద జీఎస్టీని 12 శాతం నుంచి 5 శాతానికి కేంద్రం 2025 సెప్టెంబరు 22 నుంచి తగ్గించింది. పన్ను తగ్గించినప్పుడు బదులుగా ఏదైనా అడిగే హక్కు ప్రభుత్వానికి ఉంది. పండు శాతం పెంచినవాళ్లకే ఆ 5 శాతం అని షరతు పెట్టమని రాష్ట్ర ప్రభుత్వం జీఎస్టీ మండలిలో కోరాలి. మన రెండు జిల్లాల ఎంపీలు, ఎమ్మెల్యేలు, రైతు సంఘాలు ఆ మాట మీద ఒక్కటి కావాలి. తోతాపురి కాయ ఫ్యాక్టరీకి చేరడం మొదలయ్యేది మే నెలాఖరున. ఆ కోరిక అంతకు ముందే ఢిల్లీ చేరాలి.